పిడి మీద బొట్టు

శ్రావణమాసంలో జనం బంగారం కొంటారు, పట్టుచీరలు కొంటారు. మా ఆయన రివాల్వర్ కొన్నాడు. అదీ పాతది, ఇంకొకరు ఇరవై ఏళ్లు వాడి వదిలేసింది.

ఆ మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికొచ్చి, మంచం మీద ఉతికిన తువ్వాల పరిచి, సంచిలోంచి తీసి దాని మీద పెట్టాడు. నల్లగా, పొట్టిగా, నేను అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. పిడికి గోధుమరంగు చెక్క. నేను బియ్యం చాట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏందయ్యా ఇది?"

"కనవడ్తలేదా? మొన్న లైసెన్స్ వచ్చింది గదా. దత్తాత్రి సార్ దగ్గర కొన్న. కాయిదాలన్ని నా పేరు మీదికి మారినయ్."

దత్తాత్రి సార్ అంటే సిద్దిపేటలో పాతవాళ్లందరికీ తెలుసు. ఒకప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. ఇప్పుడు డెబ్భై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. కొడుకు తుపాకీ నాకొద్దన్నాడట. అందుకని అమ్మేశాడు.

"కొనేది కొన్నవ్, కొత్తది కొనకపోయినవా?"

"కొత్తదానికి నెలలు ఆగాలె. ఇది పెద్దమనిషి చేతిల ఉన్నది. ఖరాబు కాదు."

"అసలు నీకెందుకిది?"

"బ్యాంకుకు పైసలు తీస్కపోతలేనా? రోజులు మంచిగ లెవ్వు."

మాది విత్తనాల, ఎరువుల దుకాణం. మా దుకాణానికీ బ్యాంకుకూ మధ్య ఒక మెడికల్ షాపు, ఒక జిరాక్స్ సెంటరు ఉన్నాయి. ఆ రెండు గడపలు దాటడానికి ఆరు తూటాలు కావాలట. ఇంకొకరి మొగుడైతే పగలబడి నవ్వేదాన్ని. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది ఎవరి కోసం కొన్నాడో నాకు తెలుసు. మా మరిది సిద్ధయ్య కోసం.

కొండపోచమ్మ సాగర్ నీళ్లు రాకముందు, మర్కూక్ పక్కన మా ఊళ్లో మా పొలానికీ సిద్ధయ్య పొలానికీ మధ్య గెట్టు ఎక్కడుందో అన్నదమ్ములిద్దరూ పట్టించుకునేవాళ్లు కాదు. నీళ్లొచ్చాయి, ధరలొచ్చాయి, జానెడు జాగకు కూడా విలువొచ్చింది. మొన్న ఉగాదికి ముందు సిద్ధయ్య ట్రాక్టరు పెట్టి హద్దురాళ్లు పీకి, రెండు సాళ్లు మావైపు జరిగాడు. మా ఆయన వెళ్లి అడిగాడు. మాట మీద మాట పెరిగింది. తమ్ముడు అన్న చెంప మీద కొట్టాడు, మిరపకాయలు ఏరుతున్న పదిమంది కూలి ఆడవాళ్ల ముందు.

ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఆ కూలివాళ్లలో ఒకామె దుకాణానికి వచ్చినప్పుడు చెప్పింది. తొమ్మిదేళ్లు చిన్నవాడు సిద్ధయ్య. సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయిన తమ్ముడు. ఆ రోజు నుంచి మా ఆయన పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. కంచంలోంచి తలెత్తకుండా తినేవాడు. మా ఆయన నర్సింహ పటేల్ అంటే నోటికి హద్దు లేని మనిషని పేరు. అలాంటివాడు తమ్ముణ్ణి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నేను నిశ్చింతగా ఉండేదాన్ని. ఈయన తమ్ముణ్ణి కాల్చి జైలుకు పోతాడు, రెండు సంసారాలు ఒక్క రోజే ముగిసిపోతాయి. శ్రావణం నుంచి నాకు ఉన్న భయం ఇదొక్కటే.

*

కొన్న పది రోజులకు దాన్ని పరీక్షించడానికి హైదరాబాదులో ఒక షూటింగ్ రేంజికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను.

"ఆడోళ్లు ఏం జేస్తరు గాడ?"

"మొగోళ్లు ఏం జేస్తరో సూస్తరు" అన్నాను. ఆయన బండి తీశాడు.

చెవుల్లో దూది పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. మొదటిది పేలింది. నా గుండె కూడా దాంతోపాటే ఎగిరింది. రెండోది టిక్కుమంది, అంతే. పక్కనున్న రేంజి ఆయన "గొట్టం అటే ఉంచండి, తిప్పొద్దు, కొంచెంసేపు ఆగండి" అన్నాడు. మూడోది టిక్. నాలుగోది పేలింది. ఐదు టిక్, ఆరు టిక్. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్క వరసలో కాలేజీ అమ్మాయి ఒకతె తన తుపాకీ దించి మరీ ఈయన వైపు చూసింది.

"దత్తాత్రి సార్ నన్ను ముంచిండు" అన్నాడు తిరుగు దారిలో. "అందరికి నేనే దొరికిన."

"పోనియ్. వాపసు ఇచ్చేయ్."

"ఎందుకిస్త? దీని సంగతి తెల్సుకోకుంట ఇడిసిపెట్ట."

నా మనసు చల్లబడింది. ఆ సంతోషం మొహంలో కనిపించకూడదని శామీర్‌పేట దాకా కిటికీలోంచి బయటికే చూశాను.

తర్వాత ఒక నెల మా ఇంట్లో ఆ రివాల్వర్ ఒక రోగి. పత్తి ఆకు చేతిలో పెడితే తెగులేదో చెప్పే మనిషి, దీని తెగులు మాత్రం కనిపెట్టలేకపోయాడు. తూటాలు పాతవన్నాడు, కొత్తవి తెచ్చాడు. టూత్‌బ్రష్ పెట్టి తోమాడు. నా కుట్టుమిషను నూనె సీసా పట్టుకుపోయాడు. దుకాణంలో రైతులు యూరియా కోసం నిలబడి ఉంటే ఈయన ఫోన్లో హిందీ వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ హైదరాబాదు పోయాం. ఈసారి ఆరింట్లో మూడు పేలాయి.

"సగం నయమైంది" అన్నాను.

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదయ్యా, సంబురపడ్తున్న."

ఆ మాట నిజమే కదా.

*

వినాయకుల నిమజ్జనం అయ్యాక ఎవరో ఫజల్ చాచా పేరు చెప్పారు. పాత బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. తాతల కాలం నుంచి తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉంది. ఇప్పుడు తుపాకులు ఎక్కడివి, ఎక్కువగా తాళాలూ బీరువాలే వస్తాయి. దుకాణం వెనకే ఇల్లు. నేనూ వెళ్లాను. చికిత్స జరుగుతుంటే రోగి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఫజల్ చాచా రివాల్వర్ ముట్టుకోలేదు. "పేలని తూటాలు పారేసినవా, ఉంచినవా పటేలా?" అని అడిగాడు.

మా ఆయన ప్లాస్టిక్ కవరు తీసిచ్చాడు. చాచా కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క తూటా అడుగు చూశాడు. తర్వాత భూతద్దం నాకిచ్చాడు.

"నువ్వు గూడ చూడమ్మా. అడుగున నడుమ చిన్న బిళ్ల ఉందా? పేలినదానికి సొట్ట లోతుగ పడ్డది. పేలనిదానికి పైపైన తాకింది. అంటే తూటా తప్పు లేదు. దెబ్బ సరిపోతలేదు." రివాల్వర్ వెనక ఉన్న కొక్కెం లాంటిదాన్ని వేలితో చూపించాడు. "దీన్ని మేము ఘోడా అంటం. ట్రిగ్గర్ ఒత్తితే ఇది ఉరికొచ్చి కొట్టాలె. ఉరుకుతుంది గాని, నడుమల ఎవరో పట్టుకుంటున్రు."

స్క్రూలు విప్పి పక్క రేకు తీశాడు. లోపల ఎర్రటి బురద ఎండిపోయి ఉంది. నేను తుప్పు అనుకున్నాను. చాచా సన్నటి చాకుతో గీకి తెల్లకాయితం మీద వేశాడు, వాసన చూశాడు, మళ్లీ చూశాడు.

"మహబూబున్నీసా, జర ఇటు రా" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య చాయ్ గ్లాసులతో వచ్చింది. "ఇదేందో చెప్పు."

ఆమె కాయితం మీదికి వంగింది. "కుంకుమ గదా. పసుపు గూడ ఉంది."

"నూనెల కలిపి పెట్టిన్రు. ఇగో, ఇది చూడు." చాకు మొన మీద ఒక అక్షింత గింజ. పసుపు రంగు ఇంకా పోలేదు.

మహబూబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాచా నవ్వలేదు గాని మీసాలు కదిలాయి. "నలభై ఏండ్లసంది ఈ పని చేస్తున్న. తుపాకిల చీమలను చూసిన, ఇసుకను చూసిన. ఇరవై దసరాల పూజను మాత్రం ఇప్పుడే చూస్తున్న. నా మిషినుకు గూడ పక్కింటాయన దసరాకు బొట్టు పెట్టిపోతడు, నేను వద్దన. కాని ఆయన పైన పెడ్తడు. ఇది లోపలికి పోయింది."

కిరసనాయిలుతో కడిగి, తుడిచి, బిగించాడు. ఖాళీగా ఒకసారి ఘోడా వదిలాడు. ఇంతకుముందు టిక్కుమనేది ఇప్పుడు టక్కుమంది. మా ఆయన ముఖంలో వెలుతురు వచ్చింది.

"దసరా వస్తుంది. పూజ చేసుకోన్రి, ఎవరొద్దన్నరు" అన్నాడు చాచా నాకు చెబుతున్నట్టుగా. "కాని బొట్టు పిడి మీద పెట్టమ్మా. ఈ ఘోడా దిక్కు నూనె గాని కుంకుమ గాని పోవద్దు. ఒక్క గింజ చాలు, దీన్ని ఆపతందుకు."

మూడోసారి రేంజిలో ఆరుకు ఆరూ పేలాయి. ఉగాది తర్వాత మా ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన నవ్వు చూసి భయపడింది కూడా అప్పుడే.

*

ఎంగిలిపూల బతుకమ్మ అయిన మూడో రోజు, సత్తుపిండి ముద్దలు కట్టుకుని దత్తాత్రి సార్ ఇంటికి వెళ్లాను. సార్ లోపల నిద్రపోతున్నాడు. ఆయన భార్య రాధమ్మ వరండాలో గునుగుపూల కొసలు సమంగా కత్తిరిస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒక కట్ట అందుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫిర్యాదులాగానే మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, మీ రివాల్వర్ల గింత కుంకుమ ఎల్లింది. ఫజల్ చాచా గీకి తీసిండు."

సిగ్గుపడుతుందనుకున్నాను. అయ్యో పొరపాటైందే అంటుందనుకున్నాను. ఆమె కత్తెర ఆపలేదు.

"అక్షింతలు గూడ ఎల్లినయా?"

"ఒకటి."

"మూడు పెట్టిన" అంది రాధమ్మ.

నా చేతిలోని పూలు ఒళ్లో పడ్డాయి. ఆమె లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"సార్ తాగేటోడు బిడ్డా ఆ దినాలల్ల. తాగి దాన్ని బల్ల మీద పెట్టుకుని కూసునేది. బిల్లు ఆపిన ఇంజనీరును కాలుస్త అనేది, వాటా అడిగిన మా తమ్మున్ని కాలుస్త అనేది. తాళంచెయ్యి ఎన్నడు నా చేతికియ్యలే. నేను దాన్ని ముట్టుకునేది ఏడాదికి ఒక్కటే రోజు, దసరా. పూజ చేసేదాన్ని ఎవలొద్దంటరు?"

"మరి ఎన్నడన్న ఒత్తిండా?"

"అడుగలే. ఎవ్వలు సావలే. నాకు తెల్సింది గంతే." కత్తిరించిన పూలను వరసగా పేర్చి, అప్పుడు నా ముఖంలోకి చూసింది. "నీకేం కష్టమొచ్చింది?"

చెప్పేశాను. చెంపదెబ్బ, హద్దురాళ్లు, తిట్టని నోరు, అన్నీ. ఆమె నన్ను ఊరుకోమని గాని, దేవుడున్నాడని గాని అనలేదు. నేను లేచేటప్పుడు ఒక తంగేడు కట్ట చేతిలో పెట్టి, "నేను జేసింది మంచిదో చెడ్డదో నాకిప్పటికి తెల్వది" అంది.

*

దసరా పొద్దున మా ఆయన తూటాలన్నీ తీసి జేబులో వేసుకుని, రివాల్వర్‌ను దేవుడి ముందు పీట మీద పెట్టాడు. పక్కనే దుకాణం తరాజు, నా కత్తిపీట, బండి తాళాలు.

"చాచా చెప్పింది యాదుందిగా? పిడి మీద."

"నేను గూడ ఉన్నగా ఆడ."

ఆయన జమ్మి తేవడానికి పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. పిడి మీద పసుపు రాసి బొట్టు పెట్టాను. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

రేపు నిజంగానే ఎవడో కత్తి పట్టుకుని మా ఆయన మీదికొస్తే? అప్పుడు ఇది పేలకపోతే? నా మొగుణ్ణి నేను చంపుకున్నట్టే. పెట్టకపోతే, మా మరిదిని నేను చంపినట్టు. సిద్ధయ్య పెళ్లినాడు వాడికి నలుగు పెట్టింది నేను. వాడి ఇద్దరు ఆడపిల్లలకూ నేనే తొలి స్నానం పోశాను. ఏడుస్తూనే కుంకుమ నూనెలో కలిపాను. ఘోడా వెనక్కి లాగి, ఆ సందులోకి వేలిగోరుతో కూరాను. రాధమ్మ మూడు గింజలు పెట్టిందట. నేను నాలుగు పెట్టాను. పైకి కనిపించింది తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, హారతిచ్చి, కళ్లకద్దుకున్నాను.

ఆయన వచ్చి చూశాడు. పిడి మీద బొట్టు చూసి తృప్తిగా దండం పెట్టుకున్నాడు. పూజలో పెట్టినదాన్ని ఆ రోజు కదపకూడదు కాబట్టి అది మర్నాటిదాకా అక్కడే ఆరింది.

సాయంత్రం ఆయన కొత్త చొక్కా వేసుకుని, జేబులో జమ్మి ఆకు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎవరెవరో వచ్చారు, ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కారు, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకున్నారు. ఏటా మొదట వచ్చేది సిద్ధయ్యే. ఊళ్లో రావణుణ్ణి కాల్చకముందే బండేసుకుని సిద్దిపేటకు వచ్చేవాడు. ఆ ఏడు రాలేదు. మా ఆయన ప్రతి మోటరుసైకిల్ చప్పుడుకీ తలెత్తాడు. చివరికి జేబులో మిగిలిన ఆకు తీసి కిటికీలో పెట్టి, "రాలే" అన్నాడు. మర్నాడు పిడి తుడిచి, కొత్త పెట్టె విప్పి ఆరు కొత్త తూటాలు వేశాడు.

*

చలి మొదలయ్యేసరికి సర్పంచ్ ఎలక్షన్లు వచ్చాయి. మా ఓట్లు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి, అక్కడ సిద్ధయ్య నామినేషన్ వేశాడు. ఎలక్షన్ అయ్యేదాకా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలని మాకు ఫోనొచ్చింది. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. గడువుకు ఇంకా రెండు రోజులుందనగా, మా ఊరి సాంబయ్య దుకాణానికి వచ్చాడు. సిద్ధయ్య తరఫున తిరుగుతున్నాడు.

"తమ్మునికి ఓటెయ్యాలె నర్సింహన్నా. ఒక్క చెంపదెబ్బకు గింత పట్టువడ్తే ఎట్ల? అన్నదమ్ములన్నంక ఉంటయ్" అని నలుగురు రైతుల ముందు నవ్వాడు. వాడికి చెడ్డ ఉద్దేశం లేదు, బుద్ధీ లేదు. మా ఆయన శనగవిత్తనాల సంచి తూచి, మూతి కట్టి అందించాడు.

మర్నాడు ఏడింటికే బయల్దేరాడు. "పొలం మోటరు సూసొస్త."

"తుపాకి రేపే అప్పజెప్పాలె."

"రేపు అప్పజెప్త."

ఆయన పోయాక బీరువా తీశాను. అర ఖాళీగా ఉంది. సిద్ధయ్యకు ఫోన్ చేశాను, రింగై ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎనిమిదిసార్లు చేశాను. నా నాలుగు గింజల మీద నాకే నమ్మకం లేదు. అవి ఊడిపోయాయేమో, కుంకుమ సరిపోలేదేమో. ఎవరినైనా పంపుదామంటే ఏమని చెప్పి పంపాలి?

పన్నెండింటికి ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. మజ్జిగ రెండోసారి అడిగి పోయించుకున్నాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడి ఉండగానే ఫోన్ మోగింది.

"వదినె, గన్నిసార్లు జేసినవేంది? ప్రచారంల ఉన్న, సూసుకోలే." సిద్ధయ్య గొంతు.

"ఏం లేదు. చెయ్యి తాకి కలిసింది" అన్నాను. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చాను. ఏమీ జరగలేదు, పొలం చూసి వచ్చాడు, అంతే అనుకున్నాను.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. ఠాణాలో రైటర్ రివాల్వర్ నంబరు రాసుకుని, తూటాలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద నిలబెట్టాడు. ఆరు. ఒకటి పట్టుకుని అడుగు వెలుతురుకి తిప్పాడు.

"దీనికి దెబ్బ తాకింది గదా. పేలలేదా?"

"పాతది సార్. రేంజిల పేలలే" అన్నాడు మా ఆయన.

నేను వంగి చూశాను. భూతద్దం అక్కర్లేదు. బిళ్ల మీద సొట్ట, పైపైన. ఆ ఆరూ దసరా మర్నాడు నా కళ్లముందు కొత్త పెట్టె విప్పి వేసినవి. వాటితో మేము ఏ రేంజికీ పోలేదు. మా ఆయన నా వైపు చూడకుండా రసీదు మీద సంతకం పెట్టాడు.

*

ఇంటికి పోతూ కోమటిచెరువు కట్ట దగ్గర బండి ఆపమన్నాను. పగటి పూట, జనం తిరుగుతున్నారు. బెంచీ మీద కూర్చున్నాం. ఏం అడగాలో నాకు తెలుసు. అడగకముందే ఆయనే చెప్పాడు.

"ఆడు మోటరు డబ్బ కాడ కూసోని ఫ్యూజు వైరు సుడ్తుండు. నాకు వీపు పెట్టిండు. సుట్టుముట్టు ఎవ్వలు లేరు." తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "చేతి మీద తువ్వాల కప్పుకున్న. ఒత్తిన సుమిత్రా."

నేను ఆయన వైపు తిరిగాను.

"టిక్కుమన్నది. ఆడు తిరిగి సూసిండు. 'ఎప్పుడొచ్చినవే అన్నా' అన్నడు."

"ఇంకో ఐదున్నయ్ గదా" అన్నాను. "మల్ల ఒత్తలేదా?"

"ఎట్ల ఒత్తుత? అన్నా అన్నడు గదా. ఎనిమిది నెల్లాయె ఆడు నన్నట్ల పిలువక." ముఖం తుడుచుకున్నాడు. "ఆరుకు ఆరు పేలినయ్ రేంజిల. నువ్వు గూడ సూసినవ్. దేవుడే ఆపిండు."

దేవుడి పేరు మీద వదిలేస్తే సరిపోయేది. రాధమ్మ అలాగే వదిలేసి ఇరవై ఏళ్లు బతికింది. నాకు అంత ఓర్పు లేదు.

"నేనే ఆపిన" అన్నాను. "దసరా నాడు. కుంకుమ, నూనె, నాలుగు అక్షింతలు. తెల్సే పెట్టిన, ఘోడా ఎనుక."

తిడతాడనుకున్నాను. నా మీద నమ్మకం లేదా అంటాడనుకున్నాను. ఆయన నా కుడిచెయ్యి తీసుకుని, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా చూశాడు.

"ఈ చేత్తోనేనా?"

"ఈ చేత్తోనే."

ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. నడిచేవాళ్లు చూస్తున్నారు. ఇరవై ఆరేళ్లలో బజారులో నా చెయ్యి పట్టుకోని మనిషి ఆ మధ్యాహ్నం బండి దగ్గరికి పోయేదాకా వదల్లేదు. ఎలక్షన్లు అయ్యాక రసీదు పట్టుకుని ఠాణాకు పోయి, నాకు తుపాకీ వద్దని కాయితం రాసిచ్చి వచ్చాడు.

సిద్ధయ్య పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. లెక్క తేలిన మర్నాడు పొద్దున్నే, గడ్డం కూడా గీసుకోకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

"రాళ్లు మల్ల పాతిన అన్నా, పాత జాగలనే" అన్నాడు సిద్ధయ్య తల వంచుకుని. "ఎలక్షన్లని నా దగ్గరికి వచ్చినోడల్లా ఏదో ఒకటి అడిగిండు. నువ్వొక్కనివే, ఆనాడు పొలం కాడికి వచ్చి, ఏం అడుగకుంట ఊకె నిలవడి పోయినవ్. రాజీ అయిదామనే వచ్చినవ్, నోరు రాలే. నాకు సమజైంది. చెయ్యి లేపినోన్ని నేను, ముందుగాల నువ్వొచ్చినవ్."

కాళ్లు మొక్కడానికి వంగాడు. మా ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. సిద్ధయ్య వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"ఇంక కోపమేనా అన్నా?"

మా ఆయన మోకాళ్ల మీద కూలబడి తమ్ముడి భుజాలు పట్టుకున్నాడు. పట్టుకుని, వాడి వీపు మీద అరచేత్తో రాస్తూ ఉండిపోయాడు.

"మోటరు కాడ ఒక్కనివే కూసోకు సిద్ధా" అన్నాడు చివరికి. "ఎనుక ఎవలొస్తరో తెల్వది."

సిద్ధయ్య కళ్లు తుడుచుకుని నవ్వాడు. "నా ఎనుక ఎవలొస్తరే అన్నా. నాకెవలున్నరు శత్రువులు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను అన్నం పెట్టడానికి లేచాను.